సముద్రం లేని నగరం, సముద్రానికి కావలి
మద్రాసు దీపస్తంభం నుండి బెంగళూరు ఆపద సంకేత కేంద్రం దాకా

బెంగళూరు నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. తూర్పున చెన్నై తీరానికైనా, పడమట మంగళూరు తీరానికైనా ఇక్కడి నుండి దాదాపు 350 కిలోమీటర్లు ప్రయాణించవలసినదే. ఈ నగరంలో పుట్టి పెరిగి, సముద్రాన్ని చలనచిత్రాలలో తప్ప చూడనివారు ఎందరో ఉన్నారు. అయినప్పటికీ, బంగాళాఖాతంలోనో అరేబియా సముద్రంలోనో ఒక నౌక మునిగిపోతూ ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతాన్ని పంపినప్పుడు, ఆ సంకేతాన్ని అందుకొని, విప్పి చదివి, ఎవరికి చెప్పవలెనో నిర్ణయించే భారతదేశపు కేంద్రం ఈ నగరంలోనే, పీణ్య పారిశ్రామికవాడలోని ఇస్రో వారి ఇస్ట్రాక్ ప్రాంగణంలో ఉన్నది.

ఈ విడ్డూరం ఒక్కరోజులో ఏర్పడినది కాదు. కొబ్బరినూనె వత్తితో మొదలైన ఒక పాత ప్రయత్నానికి ఇది కొనసాగింపు. ఆ ప్రయత్నం మొదలైన చోటు మద్రాసు. చిత్తూరు, నెల్లూరు సరిహద్దు ప్రాంతాలవారు వైద్యానికో వ్యాపారానికో చెన్నైకి వెళ్లినప్పుడు మెరీనా తీరాన ఎర్రని, తెల్లని పట్టీలతో నిలిచిన దీపస్తంభాన్ని చూసే ఉంటారు. అది ఆ నగరంలో నాలుగవది. మిగిలిన మూడింటి ఆనవాళ్లు కూడా ఇంకా అక్కడే ఉన్నాయి. కానీ వాటిని వెదకి చూసేవారు తక్కువ.

రేవు లేని పట్టణం

కోరమాండల్ తీరం నావికులకు ఎన్నడూ సుఖమైన తీరం కాదు. పడమటి తీరంలో వలె కొండలు కడలి అంచుదాకా వచ్చి గుర్తులుగా నిలవవు. విశాఖపట్నం పరిసరాలను మినహాయిస్తే తీరమంతా చదునైన ఇసుకనేల, తాటితోపులు, అక్కడక్కడ ఒక గోపుర శిఖరం. దూరం నుండి వచ్చే ఓడకు నేల కనిపించే సమయానికే అది ఇసుకమేటల సమీపంలోనికి వచ్చి ఉండేది.

ఈ కథలో తెలుగువారికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉన్నది. ఆంగ్లేయులు మద్రాసుకు రాకముందు నెల్లూరు తీరాన, పులికాటు సరస్సుకు ఉత్తరాన ఉన్న దుగరాజపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకొని ఉండేవారు. వారి రికార్డులలో దాని పేరు ఆర్మగాం. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల వంశపు తెలుగు నాయకుల నుండి మద్రాసు స్థలాన్ని పొందాడు. ఆ వంశపు చెన్నప్ప నాయకుని పేరు మీదనే చెన్నపట్నం వెలసిందని ప్రసిద్ధి. దుగరాజపట్నపు వర్తకస్థానం కాలగర్భంలో కలిసిపోయినా, ఎదుటి సముద్రంలోని ఇసుకమేటకూ, తీరాన ఉన్న దీపస్తంభానికీ ఆర్మగాం పేరు నిలిచిపోయింది. వర్తకులు మరచిన పేరును నావికుల పటాలు కాపాడాయి.

డే ఎంచుకొన్న మద్రాసులో సహజమైన రేవు లేదు. 19వ శతాబ్దపు చివరి భాగంలో కట్టడపు రేవు ఏర్పడే వరకు ఓడలు తీరానికి దూరంగా బహిరంగ సముద్రంలోనే లంగరు వేసేవి. అక్కడి నుండి మనుషులనూ, సరకులనూ మసూలా పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. ఈ పడవలకు ఇనుప మేకులు ఉండవు. పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవారు. అలల తాకిడికి మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. ఆ పడవలవాళ్ల నైపుణ్యం మీదనే రెండు శతాబ్దాలకు పైగా ఆ పట్టణపు వర్తకమంతా ఆధారపడినదంటే అతిశయోక్తి కాదు.

తుఫాను వచ్చినప్పుడు లంగరు వేసిన ఓడలకు దిక్కులేదు. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకొన్న కొద్ది రోజులకే, అక్టోబరు నెలలో వచ్చిన తుఫాను వారి సేనాని లా బూర్దొనే నౌకాదళాన్ని ఛిన్నాభిన్నం చేసింది. ఆంగ్లేయుల ఫిరంగులు చేయలేని పనిని ఒక రాత్రి గాలి చేసింది. 1881 నవంబరులో వచ్చిన తుఫాను, నిర్మాణంలో ఉన్న రేవు గోడలనే కూల్చివేసింది.

కొబ్బరినూనె దీపం

ఇటువంటి తీరాన 1796లో మొదటి దీపం వెలిగింది. సెయింట్ జార్జి కోటలో అధికారుల భోజనశాల, వర్తకుల సమావేశశాల ఉన్న భవనపు మేడ మీద ఒక పెద్ద లాంతరు నెలకొల్పారు. నేడు అదే భవనంలో కోట మ్యూజియం ఉన్నది. లాంతరులో కొబ్బరినూనెతో వెలిగే వత్తులు ఉండేవి. దీపం సముద్రమట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తున ఉండేది. ఆ వెలుగు 25 మైళ్ల దూరానికి కనిపించేదని చెప్పుకొనేవారు.

ఈ మాటను లెక్కవేసి చూడవచ్చు. భూమి గుండ్రంగా ఉండుట వలన ఎంత ప్రకాశవంతమైన దీపమైనా దిగంతానికి అవతల ఉన్నవానికి కనిపించదు. గాలిలో కాంతి కొద్దిగా వంగడాన్ని కూడా కలుపుకొంటే, ఎత్తు మీటర్లలో ఎంత ఉన్నదో దాని వర్గమూలాన్ని 3.86తో గుణిస్తే దిగంతపు దూరం కిలోమీటర్లలో వస్తుంది. 30 మీటర్ల దీపానికి అది దాదాపు 21 కిలోమీటర్లు. చూసేవాడు ఓడ మీద ఎంత ఎత్తున ఉన్నాడో దానికి కూడా ఇదే విధంగా లెక్కకట్టి రెండింటినీ కూడవలెను. పడవలో కూర్చొన్న జాలరి కన్ను నీటికి ఒక మీటరు ఎత్తున ఉంటే అతనికి అదనంగా వచ్చేది 4 కిలోమీటర్ల లోపే. ఓడ కొయ్యస్తంభం మీద 25 మీటర్ల ఎత్తున కాపలా కాసే నావికునికి మరో 19 కిలోమీటర్లు కలిసి, మొత్తం 40 కిలోమీటర్లు, అనగా 25 మైళ్లు వస్తుంది. అంటే ఆ ప్రచారంలో అబద్ధం లేదు గాని, అది స్తంభమెక్కినవాని లెక్క. తెప్ప మీది మనిషికి ఆ దీపం 15, 16 మైళ్ల లోపలికి వచ్చిన తరువాతనే కనిపిస్తుంది. దీపం ఒక్కటే అయినా పెద్ద ఓడకూ చిన్న పడవకూ అది ఇచ్చే రక్షణ సమానం కాదన్నమాట. ఈ తేడా కొత్త రూపాలలో నేటికీ కొనసాగుతున్నది.

నక్షత్రశాల మాట

దీపం తీరాన్ని చూపుతుంది. కానీ తీరం కనబడని నడిసముద్రంలో తానెక్కడ ఉన్నాడో నావికుడు తెలుసుకోవాలంటే కచ్చితమైన కాలం కావాలి. భూమి 24 గంటలలో ఒకసారి తిరుగుతుంది గనుక ఒక డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాలు. గడియారం ఒక్క సెకను తప్పితే భూమధ్యరేఖ దగ్గర 464 మీటర్లు, ఒక నిమిషం తప్పితే సుమారు 28 కిలోమీటర్లు తప్పినట్లే. ఇసుకమేటలున్న తీరంలో ఆ తప్పుకు మూల్యం ఓడ.

ఈ అవసరం కోసమే ఈస్టిండియా కంపెనీ 1792లో మద్రాసు నుంగంబాక్కంలో నక్షత్రశాలను నిర్మించింది. ఖగోళశాస్త్రం, భూగోళశాస్త్రం, నౌకాయానం అనే మూడింటి అభివృద్ధి దాని లక్ష్యమని నాడే ప్రకటించారు. దీనికి మూలపురుషుడు మైకేల్ టాపింగ్. కోరమాండల్ తీరాన్ని కొలిచి పటాలు గీసినవాడు, కృష్ణా గోదావరీ ముఖద్వారాలను పరిశీలించినవాడు, సర్వేయర్ల శిక్షణకు పాఠశాల పెట్టించినవాడు ఆయనే. మద్రాసు దీపం వెలిగిన ఆ 1796వ సంవత్సరంలోనే మచిలీపట్నంలో కన్నుమూశాడు. నక్షత్రశాలలో పరికరాన్ని నిలిపిన రాతిస్తంభం మీది శాసనం తెలుగులో కూడా చెక్కబడి ఉండుట మనవారు గుర్తుంచుకోదగిన విషయం. ఆ స్తంభం నుంగంబాక్కంలోని వాతావరణ కార్యాలయ ఆవరణలో ఉన్నది.

1899లో ఖగోళ పరిశోధన కొడైకెనాల్‌కు తరలిపోయింది. ఆ సంస్థయే 1971లో భారత ఖగోళభౌతిక సంస్థగా రూపొంది, తరువాత బెంగళూరు కోరమంగళలో ప్రధాన కార్యాలయాన్ని ఏర్పరచుకొన్నది. ఆ విధంగా చూస్తే, ఇస్రో పుట్టకముందే నావికుల కోసం మొదలైన ఒక విద్య, దారి మారినా, బెంగళూరునే చేరింది. నేడు ఆ సంస్థ నౌకల కోసం కాలాన్ని లెక్కించదు. సూర్యుణ్ణీ నక్షత్రాలనూ పరిశీలిస్తుంది.

రాతిస్తంభం, న్యాయస్థానపు గుమ్మటం

కోటలోని దీపం పెరుగుతున్న ఓడల రాకపోకలకు చాలలేదు. 1838లో కోటకు ఉత్తరాన కొత్త స్తంభానికి పని మొదలైంది. గ్రీకు డోరిక్ శైలిలో నల్లరాతితో నిర్మించిన ఈ స్తంభాన్ని రూపొందించినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ జె.టి. స్మిత్. ఈయన కట్టడాల సున్నం, సిమెంటుల మీద ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వికా వ్రాసిన గ్రంథాన్ని 1837లో ఇంగ్లీషులోనికి అనువదించినవాడు. ఉప్పుగాలికి ఏ సున్నం నిలుస్తుందో, ఏది రాలిపోతుందో తెలిసిన చేయి అది. 1844 జనవరి 1వ తేదీన ఈ స్తంభం మీద దీపం వెలిగింది. ఉన్నత న్యాయస్థానం ఆవరణలో ఆ స్తంభం నేటికీ చెక్కు చెదరక నిలిచి ఉన్నది.

అందులో వాడినవి అర్గాండ్ దీపాలు. స్విట్జర్లండ్ దేశీయుడైన అర్గాండ్ 1780 ప్రాంతంలో వీటిని కనిపెట్టాడు. వత్తి గొట్టంలాగా బోలుగా ఉండి లోపలి నుండి కూడా గాలి అందుతుంది. పైన గాజు చిమ్నీ ఉంటుంది. మామూలు వత్తి కంటే పొగ తక్కువ, వెలుగు అనేకరెట్లు ఎక్కువ. వెనుక మెరుగుపెట్టిన లోహపు దర్పణం వెలుగునంతా ఒకవైపుకు మళ్లిస్తుంది. అటుపిమ్మట ఫ్రాన్సు దేశపు ఫ్రెనెల్ కనిపెట్టిన కటకం 1823లో కొర్దువాన్ దీపస్తంభంలో మొదటిసారి వెలిగి ఈ శాస్త్రాన్నే మార్చివేసింది. పెద్ద గాజుముద్ద అవసరం లేకుండా, మెట్లు మెట్లుగా అమర్చిన గాజుపట్టీలు వెలుగును చెదరిపోనీయక పుంజంగా చేస్తాయి. నేటి మోటారు వాహనాల దీపాలలో, బడిలో వాడిన పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు పలకలో ఉన్నది కూడా ఆ సూత్రమే.

ఇక మూడవ దీపం. 1892లో ఇండో-సరసనిక్ శైలిలో ఉన్నత న్యాయస్థాన భవనం పూర్తి అయ్యేసరికి దాని గుమ్మటాలు స్మిత్ స్తంభాన్ని మించిపోయాయి. కొత్త స్తంభం కట్టుట కంటే ఎత్తైన గుమ్మటం మీదనే దీపం పెట్టుట మేలని తలచి 1894లో అక్కడికి మార్చారు. కింద వాదప్రతివాదాలు, పైన నావికులకు వెలుగు. ప్రపంచంలో న్యాయస్థానం నెత్తిన దీపస్తంభం ఉన్న చోట్లు అరుదు.

ఆ గుమ్మటం మీద దీపం వెలుగుతున్న కాలంలోనే, 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి, జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద దాడి చేసింది. కార్ల్ ఫాన్ ముల్లర్ నాయకత్వంలోని ఆ నౌక కొద్ది నిమిషాలలోనే 125కు పైగా గుండ్లు పేల్చి రేవు పక్కనున్న బర్మా చమురు కంపెనీ ట్యాంకులను తగులబెట్టి వెళ్లిపోయింది. యుద్ధం మొదలై ఏడు వారాలు గడచినా పట్టణం దీపాలతో మెరిసిపోతూనే ఉన్నది. దీపస్తంభానికి మిత్రుడు, శత్రువు అనే భేదం తెలియదు. అది అందరికీ దారి చూపుతుంది. ఆ రాత్రి తరువాత వేలాది జనం పట్టణం విడిచి వెళ్లారు. న్యాయస్థానపు ప్రహరీ దగ్గర గుండు తగిలిన చోట ఫలకం ఉన్నది. చాకచక్యంగా దెబ్బతీసి తప్పుకొనేవాణ్ణి తమిళులు ‘ఎమ్డన్’ అని పిలవడం అప్పటి నుండే వాడుకలోనికి వచ్చింది.

నాలుగవదైన మెరీనా స్తంభం 1977 జనవరిలో వెలిగింది. లిఫ్టు ఉన్న దీపస్తంభంగా దానికి పేరు. 1991లో రాజీవ్ గాంధీ హత్యానంతరం భద్రతా కారణాలతో సందర్శకులకు మూసివేయబడి, 2013 నవంబరులో తిరిగి తెరవబడింది.

దీపం మాట్లాడే భాష

దీపస్తంభం ఉన్నదని తెలిస్తే సరిపోదు. అది ఏ దీపస్తంభమో తెలియవలెను. ఒక తీరాన రెండు స్తంభాలు ఒకే విధంగా వెలిగితే దీపం లేకపోవుట కంటే అది ఎక్కువ ప్రమాదం. నావికుడు ఒక ఊరనుకొని మరొక ఊరి మేటల మీదికి పోతాడు. అందువలన ప్రతి స్తంభానికీ ఒక లక్షణం నిర్ణయిస్తారు. ఎన్ని సెకన్లకు ఒకసారి మెరుస్తుంది, ఒక్కొక్కసారి ఎన్ని మెరుపులు, వాటి రంగు ఏది అన్న వివరాలు దీపాల పట్టికలో అచ్చవుతాయి. నావికుడు గడియారం పట్టుకొని మెరుపుల మధ్య వ్యవధిని లెక్కించి పట్టికతో సరిచూసుకొంటాడు. పగటిపూట మెరుపులు అక్కరకు రావు గనుక స్తంభానికి వేసే పట్టీలు, రంగులే గుర్తు. మెరీనా స్తంభపు ఎరుపు తెలుపులు అలంకారం కోసం కాదు. రెండు స్తంభాలు ఒకేసారి కనిపిస్తే మరీ మంచిది. దిక్సూచితో రెండింటి దిశలనూ కొలిచి పటం మీద గీతలు గీస్తే అవి కలిసిన చోటు ఓడ ఉన్న చోటు.

తెలుగు తీరంలో ఈ పని చేసిన పాత స్తంభాలలో శాంతపిల్లి ముఖ్యమైనది. విజయనగరం జిల్లా తీరాన చిన్న కొండ మీద 1847లో దీనిని నిర్మించారు. భీమునిపట్నానికి వచ్చే ఓడలు సముద్రంలో ఉన్న శాంతపిల్లి రాళ్లకు తగలకుండా హెచ్చరించుట దీని ఉద్దేశం. ఇక్కడ స్తంభం రేవును చూపుటకు కాక రాళ్లను తప్పించుటకు పుట్టినది. విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపం 1957 నాటిది. అక్కడ కొండే సగం స్తంభం పని చేసిపెట్టింది. గోదావరి, కృష్ణా ముఖద్వారాలలో మాత్రం పరిస్థితి వేరు. నదులు తెచ్చే ఒండ్రుతో తీరపురేఖ మారుతూ, మేటలు జరుగుతూ ఉంటాయి. అక్కడ పటాలను తరచుగా సరిదిద్దుకొనక తప్పదు.

దేశంలోని దీపస్తంభాలను ఒకే చట్టం కిందికి తెచ్చినది 1927 నాటి దీపస్తంభాల చట్టం. దాని స్థానంలో 2021లో నౌకాయాన సహాయక సాధనాల చట్టం వచ్చింది. పేరులోని మార్పును గమనించవలెను. దీపం అనే మాట పోయి సహాయక సాధనం అనే మాట వచ్చింది. ఆ సాధనాలలో రేడియో, రాడార్, ఓడల గుర్తింపు యంత్రాలు అన్నీ చేరాయి. స్తంభాల నిర్వహణకు అయ్యే ఖర్చును మన రేవులకు వచ్చే ఓడల నుండి దీపసుంకం రూపంలో వసూలు చేస్తారు.

2008 నవంబరులో ముంబయి మీద సముద్రమార్గాన వచ్చిన ఉగ్రవాదులు దాడి చేసిన తరువాత దీపస్తంభాలకు మరొక బాధ్యత కలిగింది. తీరమంతటా నిఘా రాడార్లను, కెమెరాలను నెలకొల్పే పథకం మొదటి దశలో 46 కేంద్రాలు ఏర్పడ్డాయి. ఎత్తు, విద్యుత్తు, కాపలా ఉన్న తావులు గనుక వాటిలో అనేకం దీపస్తంభాల వద్దనే వచ్చాయి. ఈ వ్యవస్థను అమర్చినది బెంగళూరుకు చెందిన భారత్ ఎలక్ట్రానిక్స్. రెండు వందల ఏళ్లు ఓడలకు కనిపించుట మాత్రమే తెలిసిన స్తంభం ఆ విధంగా ఓడలను చూచుట కూడా నేర్చుకొన్నది.

పీణ్యలో వినబడే కేక

దీపస్తంభం ప్రమాదాన్ని తప్పిస్తుంది. ప్రమాదం జరిగిపోయిన తరువాత దానికి చేయగలిగినది లేదు. 1912లో టైటానిక్ మునిగినప్పటి నుండి ఆపదలో ఉన్న ఓడ కేక ఎవరికి వినబడాలన్నది ప్రపంచాన్ని వేధించిన ప్రశ్న. కెనడా, ఫ్రాన్సు, అమెరికా, సోవియట్ యూనియన్ దేశాలు ప్రచ్ఛన్నయుద్ధ కాలంలోనే, 1979లో, చేతులు కలిపి కాస్పాస్-సర్సాట్ అనే ఉపగ్రహ వ్యవస్థకు పూనుకొన్నాయి. 1982 సెప్టెంబరులో కెనడాలో కూలిన చిన్న విమానంలోని ముగ్గురిని ఈ వ్యవస్థ సాయంతో రక్షించడంతో దాని విలువ రుజువైంది. ఈ వ్యవస్థకు భారతదేశపు కేంద్రమే బెంగళూరులోనిది. సంకేతాలను అందుకొనే యాంటెన్నాలు బెంగళూరుతో బాటు లక్నోలో కూడా నెలకొల్పారు. శ్రీలంక, మాల్దీవులు, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, సీషెల్స్, టాంజానియాల కోసం కూడా ఈ కేంద్రం పనిచేస్తుంది.

ఇది పనిచేసే తీరు తెలుసుకోదగినది. ఓడ మీద బీకన్ అనే చిన్న పరికరం ఉంటుంది. ఓడ మునిగితే నీటి ఒత్తిడికి దాని బంధనం నాలుగు మీటర్ల లోతు లోపలనే తెగిపోయి, బీకన్ తేలివచ్చి దానంతట అదే సంకేతాలు పంపడం మొదలుపెడుతుంది. సుమారు 50 సెకన్లకు ఒకసారి, అర సెకను పాటు, 406 మెగాహెర్ట్‌జ్ తరంగం మీద సంకేతం వెలువడుతుంది. మెరుపుల మధ్య విరామం, ఆ మెరుపుకు తనదైన గుర్తు; దీపస్తంభపు పద్ధతే ఇక్కడ రేడియోలో కనిపిస్తుంది. తక్కువ ఎత్తున తిరిగే ఉపగ్రహం దగ్గరకు వస్తున్నప్పుడు సంకేతపు పౌనఃపున్యం హెచ్చుగా, దూరమవుతున్నప్పుడు తగ్గుగా తోస్తుంది. రైలు కూత మన ముందు నుండి దాటిపోయేటప్పుడు స్వరం మారినట్లే ఇది. ఆ మార్పును బట్టి బీకన్ ఉన్న చోటును లెక్కకడతారు. ఇన్సాట్ వంటి భూస్థిర ఉపగ్రహాలు కదలనట్లే ఉంటాయి గనుక వాటికి ఈ లెక్క కుదరదు. అవి కేకను తక్షణం వింటాయి, చోటు మాత్రం బీకన్ తానే చెప్పుకోవలెను.

బెంగళూరు కేంద్రం సంకేతాన్ని విప్పి అది ఏ దేశపు నౌకదో, ఎక్కడ ఉన్నదో గుర్తించి, సముద్రంలోనిదైతే తీరరక్షక దళపు సహాయ సమన్వయ కేంద్రాలకు తెలుపుతుంది. అవి ముంబయి, చెన్నై, పోర్ట్‌బ్లెయిర్‌లలో (2024లో శ్రీవిజయపురంగా పేరు మార్చబడిన పట్టణం) ఉన్నాయి. ఓడలను, విమానాలను పంపేది వారు. భారతదేశం బాధ్యత వహించే సముద్ర భాగం సుమారు 46 లక్షల చదరపు కిలోమీటర్లు, అనగా మన భూభాగం కంటే పెద్దది.

జాలరికి జవాబు

పెద్ద ఓడలకు బీకన్ తప్పనిసరి. చిన్న పడవ మాటేమిటి? 1796 నాటి దీపం వలెనే ఇక్కడ కూడా ఎత్తున ఉన్నవానికే ముందు రక్షణ దొరికింది. ఈ లోటును తీర్చుటకు ఇస్రో, తీరరక్షక దళంతో కలిసి జాలరుల కోసం డాట్ అనే ఆపద సంకేత పరికరాన్ని రూపొందించింది. ఇది 2010 నుండి వాడుకలో ఉన్నది. మీట నొక్కితే సంకేతం ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికి చేరుతుంది. 2024 జనవరి నాటికి 20,000కు పైగా ఇటువంటి పరికరాలు వాడుకలో ఉన్నట్లు ఇస్రో ప్రకటించింది. తూర్పు, పడమటి తీరాల వేటపడవల సంఖ్యతో పోల్చితే ఇది చాలా తక్కువ.

మొదటి తరం పరికరంలో పెద్ద లోపం ఒకటి ఉండేది. మీట నొక్కినవానికి తన కేక ఎవరికైనా వినబడిందో లేదో తెలిసేది కాదు. ఇంజను ఆగిన పడవలో, చీకట్లో, నీళ్లు ఎత్తిపోసుకొంటూ కూర్చొన్న మనుషులకు అది చిన్న విషయం కాదు. సహాయం వస్తున్నదని తెలిస్తే పడవను విడువక, ఉన్న నీరు పొదుపుగా తాగుతూ నిలుస్తారు. తెలియకపోతే ఈదబోయి ప్రాణాలు పోగొట్టుకొనేవారు ఉంటారు. దీపస్తంభం తీరం మాటను సముద్రానికి చెబుతుంది గాని సముద్రం మాట వినలేదు. పాత డాట్ సముద్రం మాటను తీరానికి చేర్చింది గాని బదులు మోసుకురాలేదు. 2024 జనవరిలో వెలుగులోనికి వచ్చిన రెండవ తరం డాట్ ఈ కొరత తీర్చింది. కేక అందిన వెంటనే ‘అందినది’ అన్న జవాబు నావిక్ వ్యవస్థ ద్వారా పడవకు తిరిగి వస్తుంది. తుఫాను హెచ్చరికలను కూడా తీరం నుండి పంపవచ్చు. చేతిఫోనుకు జతపరిస్తే సందేశాన్ని సొంత భాషలో చదువుకొనే వీలు కూడా కల్పించారు. ఆ నావిక్ వ్యవస్థకు చెందిన కేంద్రం 2013 మే నెలలో బెంగళూరు శివార్లలోని బ్యాలాలులో ప్రారంభమైంది.

హెచ్చరిక అందకపోతే ఏమగునో 2017 నవంబరు చివరలో వచ్చిన ఓఖీ తుఫాను చూపింది. కేరళ, కన్యాకుమారి తీరాల నుండి అప్పటికే లోతుసముద్రంలోనికి వెళ్లిన జాలరులకు కబురు అందించే సాధనం లేక వందలాది మంది ప్రాణాలు కోల్పోయారు. మామూలు సెల్‌ఫోను సంకేతం తీరం నుండి 10, 12 కిలోమీటర్లు దాటితే అందదు. ఆ అనుభవం తరువాతనే హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పాలుపంచుకొన్న జెమిని అనే పరికరం 2019లో వచ్చింది. ఉపగ్రహం నుండి వచ్చే హెచ్చరికలను, చేపలు దొరికే తావుల సమాచారాన్ని అది జాలరి ఫోనుకు అందిస్తుంది.

ఇన్ని వచ్చిన తరువాత దీపస్తంభం ఎందుకని అడిగేవారు ఉన్నారు. ఉపగ్రహ సంకేతాలను చెరచవచ్చు, తప్పుడు సంకేతాలతో ఓడను మరొక చోట ఉన్నట్లు భ్రమింపజేయవచ్చు. యుద్ధప్రాంతాల సమీపంలో ఇటువంటివి జరుగుతూనే ఉన్నాయి. తెర మీద కనబడిన చోటు నిజమో కాదో సరిచూసుకొనుటకు కిటికీలో నుండి కనబడే దీపం కంటే సులువైన సాక్ష్యం లేదు. ఉప్పునీటికి పరికరం పాడై, బ్యాటరీ అయిపోయిన చిన్న పడవకు అదొక్కటే మిగులుతుంది. దేశంలో రెండు వందలకు పైగా దీపస్తంభాలు పనిచేస్తున్నాయి. అనేకం సౌరవిద్యుత్తుతో వెలుగుతున్నాయి.

తీరంలో బంధువులున్నవారికి రెండు విషయాలు. సముద్రంలో ఆపద గురించి తెలుపుటకు తీరరక్షక దళపు ఉచిత దూరవాణి సంఖ్య 1554. రెండవది, బీకన్‌ గాని డాట్ గాని కొన్నప్పుడు యజమాని పేరు, పడవ వివరాలు, ఇంటి ఫోను సంఖ్య నమోదు చేయించుకోవలెను. పడవ చేతులు మారినప్పుడు ఆ నమోదును కూడా మార్పించవలెను. సంకేతం అందగానే అధికారులు ముందుగా చేసే పని, నమోదైన సంఖ్యకు ఫోను చేసి పడవ నిజంగా సముద్రంలో ఉన్నదా, ఎందరు వెళ్లారు అని విచారించుట. పొరపాటున మీట నొక్కుకుపోయి వచ్చే సంకేతాలే ప్రపంచమంతటా అధికం గనుక ఈ విచారణ అవసరం. పడవను అమ్మివేసిన పాత యజమానికి ఆ ఫోను వెళితే, తన పడవ సముద్రంలో లేదనే అతడు చెబుతాడు.